పరమత గౌరవము – మా తొలి వ్యాసము

మన కళాశాల వార్షిక సంచికకు ఒక విశేషమున్నది. తెలుగు వచ్చినవారు దీనిని ఎడమవైపు నుండి తెరుస్తారు. ఉర్దూ వచ్చినవారు కుడివైపు నుండి తెరుస్తారు. ఒకరికి మొదటి పుట అయినది మరొకరికి చివరి పుట. రెండు భాషల పుటలు నడిమిన ఎక్కడో కలుసుకుంటాయి. 1980వ దశకపు తొలి సంవత్సరాలలో మేము ఇక్కడ చదువుకున్న రోజులలో ఆ నడిమి పుట దాటి అవతలికి ఏనాడూ పోలేదు. అక్షరాలు రాకపోవడం అందుకు ఒక కారణం. అవతల ఏమున్నదో తెలుసుకోవాలన్న కోరిక లేకపోవడం అసలు కారణం.

పూర్వ విద్యార్థిగా ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయవలసినదని సంపాదక వర్గం వారు కోరినప్పుడు ఏ విషయం మీద వ్రాయాలా అని కొంత తర్కించుకున్నాము. ఉక్కు కర్మాగారంలో గడిపిన ఉద్యోగ జీవితం గురించి వ్రాయవచ్చును. విశాఖ చుట్టూ ఉన్న బౌద్ధ క్షేత్రాల గురించి వ్రాయవచ్చును. కాని క్రొత్తగా కలం పట్టబోతున్న విద్యార్థులకు అంతకంటె ఉపయోగపడేది మరొకటి ఉన్నదని తోచినది. అది మేము మొట్టమొదట కలం పట్టినప్పుడు చేసిన తప్పు. ఆ తప్పు ఈ కళాశాలలోనే, ఈ సంచిక కోసమే జరిగినది. దానిని దిద్దినవారు ఇద్దరు. ఒకరు మన ఉర్దూ అధ్యాపకులు. మరొకరు అక్షరం ముక్క రాని మా మామ్మ.

మేము బౌద్ధులము. మా నాన్నగారు విశాఖ రేవులో కలాసీగా పనిచేశారు. మా స్వగ్రామం అనకాపల్లికి దగ్గర, శంకరం చేరువలోని ఒక పల్లె. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ గారు లక్షలాది ప్రజలతో కలిసి బౌద్ధ దీక్ష స్వీకరించిన వార్త నాన్నగారి మనసులో నాటుకున్నది. కొన్నేళ్ళకు ఆయన కూడా త్రిశరణాలు పలికారు. ఆనాడు నాగపూరులో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలను కాగితం మీద వ్రాయించుకొని పెట్టెలో దాచుకున్నారు. వెనుకటి దేవతలను ఇక పూజించనన్న మాట అందులో ఉన్నది. ఆ మాటను ఆయన తుదివరకు నిలుపుకున్నారు. ఊరిలో ఉన్న మామ్మ మాత్రం మారలేదు. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ వారి మొక్కు చెల్లించకుండా ఆమెకు ఏడాది గడిచేది కాదు. కొడుకు ఆమెను వద్దనలేదు. ఆమె కొడుకును రమ్మనలేదు.

రేవు ప్రవేశ కాలువ ఒడ్డున మూడు కొండలున్నవని విశాఖవాసులందరికీ తెలిసినదే. రాస్ కొండ మీద మేరీమాత చర్చి ఉన్నది. దర్గా కొండ మీద ఇసాక్ మదీనా ఔలియా సమాధి ఉన్నది. మూడవ కొండ మీద వేంకటేశ్వరస్వామి కోవెల ఉన్నది. ఆ కోవెలను 1866లో బ్లాక్‌మోర్ అనే ఐరోపా కెప్టెన్ దగ్గరుండి కట్టించాడని చెబుతారు. 1933లో లోపలి రేవు ప్రారంభమైనది మొదలు అందులోకి వచ్చే ఓడ, పోయే ఓడ ఈ మూడు కొండల ముందు నుండియే సాగవలసి ఉన్నది. చిన్ననాట నాన్నగారికి అన్నం కారియరు పట్టుకొని పోయినప్పుడల్లా ఆ కొండలను చూసేవాళ్ళము. ఒకసారి ఎక్కి చూద్దామని అడిగితే నాన్నగారు “అవి మనవి కావు” అన్నారు. ఆ మాటలో ద్వేషం లేదు. కాని తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా లేదు. ఒకరి జోలికి పోకుండా ఉండడమే పరమత గౌరవమని మేము అప్పుడు అనుకున్నాము. చాలామంది అలాగే అనుకుంటారు.

ఇక మా స్వగ్రామానికి దగ్గరగా ఉన్న కొండ సంగతి. శంకరం అనే పేరు సంఘారామం అన్న మాట నుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. అక్కడ రెండు చిన్న కొండలు పక్కపక్కనే ఉన్నవి. ఒకటి బొజ్జన్నకొండ, రెండవది లింగాలకొండ. బొజ్జన్నకొండలో రాతిని తొలిచిన గుహలు, వాటిలో బుద్ధ విగ్రహాలు, పైన ఇటుకల స్తూపం, విహారపు గదులు ఉన్నవి. లింగాలకొండ అంతటా కొండరాతినే చెక్కి తీర్చిన చిన్న చిన్న స్తూపాలు వరుసలుగా ఉన్నవి. వాటిని చూసినవారు శివలింగాలనుకున్నారు కనుక ఆ కొండకు ఆ పేరు వచ్చినది. 20వ శతాబ్దపు తొలి దశకంలో అలెగ్జాండర్ రీ అనే పురాతత్వవేత్త ఇక్కడ త్రవ్వకాలు జరిపి ఇది గొప్ప బౌద్ధ క్షేత్రమని లోకానికి తెలిపాడు. కొండ పాదాన హారీతి ప్రతిమ ఒకటి ఉన్నది. బౌద్ధులకు ఆమె పిల్లలను కాపాడే తల్లి.

ఈ బొజ్జన్నకొండ వద్ద కనుమ పండుగనాడు చుట్టుప్రక్కల పల్లెల జనం తీర్థంగా చేరేవారు. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి దాని మీద రాళ్ళు విసరడం వారి ఆచారం. బుద్ధుడి పేరు జనం నోట బొజ్జన్నగా మారిందేమో, ఆ బొజ్జ నుండియే రాక్షసుడి కథ పుట్టిందేమో అని మాకు అనిపిస్తుంది. ఏమైనా ఒకనాడు భిక్షువులు వందనం చేసిన చోట తరతరాలుగా రాళ్ళు పడ్డవి. పసితనంలో ఆ రాళ్ళ చప్పుడు మేమూ విన్నాము. అప్పుడు అది మాకు పండుగ చప్పుడు.

కళాశాలలో చేరిన తరువాత చరిత్ర పుస్తకాలు చదివాము. ఆ కొండ ఎవరిదో తెలిసినది. అదే కాలంలో, 1982లో, భీమిలి దారిలో ఉన్న బావికొండ మీద పురాతత్వ శాఖ వారు త్రవ్వకాలు ప్రారంభించారు. దానికి సమీపాన ఉన్న తొట్లకొండ 1976లో నౌకాదళం వారు విమానం నుండి జరిపిన సర్వే వలన బయటపడినది. పత్రికలలో ఆ విశేషాలు చదివినప్పుడల్లా మాకు ఒక ప్రక్క గర్వము, మరొక ప్రక్క కోపము కలిగేవి. తరగతిలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు ఉండేవారు. బౌద్ధులమని చెప్పుకున్నది మేమొక్కరమే. మాకూ ఒక చరిత్ర ఉన్నదని చెప్పాలని, దానిని అందరూ మరచిపోయారని నిందించాలని మనసు తహతహలాడేది. వార్షిక సంచికకు వ్యాసాలు పంపవలసినదని ప్రకటన వచ్చిన రాత్రియే కూర్చొని అయిదు పుటలు వ్రాశాము.

ఆ వ్యాసాన్ని మాకు వ్రాత వచ్చినదన్న ఉత్సాహంలో ఒక్క ఊపున వ్రాశాము. రాళ్ళు విసిరే పల్లెవాసులను అజ్ఞానులన్నాము, కృతఘ్నులన్నాము. లింగాలకొండకు ఆ పేరు పెట్టినవారిని దొంగలతో పోల్చాము. అక్కడితో ఆగక రాతి బొమ్మలకు, సమాధులకు మొక్కే జనానికి బుద్ధుని మాట ఎలా తలకెక్కుతుందని ఒక వాక్యం కూడా జోడించాము. ముస్లిం పెద్దలు నెలకొల్పిన కళాశాల సంచికకు పంపుతున్న వ్యాసంలో సమాధులన్న మాట ఎవరికి తగులుతుందో ఆ క్షణాన మాకు తోచలేదు. ఎవరికైనా తగిలితే తగలనీ అన్న గర్వం కూడా లోపల ఉన్నదేమో, ఇప్పుడు కాదనలేము.

ఆ ఏడు సంచిక బాధ్యత చూసిన అధ్యాపకులలో ఉర్దూ శాఖకు చెందిన ఒక పెద్దాయన ఉన్నారు. తెలుగు చక్కగా చదివేవారు. విద్యార్థులమందరం ఆయనను ఉస్తాద్ అనేవాళ్ళము. వారం తరువాత ఆయన మమ్మల్ని పిలిపించి కాగితాలు చేతికిచ్చారు.

“బాబూ, నీ వ్రాతలో పట్టు ఉన్నది. కాని ఒక లెక్క చెబుతాను విను. ఇందులో మీ ధర్మం గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఇతరుల అజ్ఞానం గురించి నాలుగు పుటలున్నాయి. దీనిని చదివిన మా పిల్లలకు మీ ధర్మం ఏమని తెలుస్తుంది?”

మేము మౌనంగా నిలబడ్డాము.

“రాళ్ళు విసిరినవారిలో ఒక్కరితోనైనా మాట్లాడావా?”

“లేదు ఉస్తాద్.”

“మాట్లాడిన తరువాత మళ్ళీ వ్రాయి. అప్పుడు కూడా ఇదే వ్రాయాలనిపిస్తే ఇదే వ్రాయి. నేనే అచ్చుకు పంపుతాను.”

ఇంటికి వచ్చి కాగితాలు తిప్పి చూశాము. ఆయన పెన్సిలుతో అక్కడక్కడ గీతలు పెట్టారు. అక్షర దోషాలు దిద్దారు. అజ్ఞానులు, కృతఘ్నులు అన్న మాటల క్రింద గీత గీశారు. సమాధులను గురించిన వాక్యం క్రింద మాత్రం ఏ గీతా లేదు. మొదట ఆయన గమనించలేదనుకున్నాము. తరువాత తెలిసినది, ఆయన గమనించారు. అది తమకు తగిలిన మాట కనుక దానిని దిద్దే పని మాకే విడిచిపెట్టారు. తిడితే ఆ రోజే మరచిపోయి ఉండేవాళ్ళము. ఆ గీత లేని వాక్యం ఇన్నేళ్ళుగా జ్ఞాపకం ఉన్నది.

ఆ ఆదివారం మాకై మేము ఉస్తాద్ గారి ఇంటికి వెళ్ళి దర్గా కొండ చూపించమని అడిగాము. ఆయన ఎందుకని అడగలేదు. మెట్లెక్కుతుండగా మా ముందు పిల్లలను ఎత్తుకొని నడుస్తున్న స్త్రీలలో బొట్టు పెట్టుకొన్నవారు చాలామంది ఉన్నారు. పైన ముజావరు మమ్మల్ని చూసి “మొక్కు ఏమైనా ఉన్నదా బాబూ?” అని అడిగాడు. మేము బౌద్ధులమని, మాకు మొక్కులు లేవని చెప్పాము. చెప్పేటప్పుడు గొంతు కొంచెం బిగుసుకున్నది. అతడు “అయితే కూర్చోండి, ఇక్కడ గాలి బాగుంటుంది” అని చాప చూపించాడు. మొక్కమని అనలేదు, మొక్కనందుకు చిన్నబుచ్చుకోనూ లేదు. క్రింద కాలువలో ఒక ఓడ నెమ్మదిగా లోపలికి వస్తున్నది. ఆ ఓడను కట్టే మోకుల దగ్గర నాన్నగారు ఉండి ఉంటారు. అవి మనవి కావని ఆయన అన్న కొండ మీద నుండి ఆయన పనిచేసే చోటును మేము మొదటిసారి పూర్తిగా చూశాము.

అక్కడే ఉస్తాద్ ఒక పాత కథ చెప్పారు. తరువాతి కాలంలో అది కార్మైకేల్ అనే దొర 1869లో ప్రకటించిన విశాఖ జిల్లా గ్రంథంలోనిదని తెలిసినది. బంగాళాఖాతపు గాలివానల మీద ఈ ఔలియాకు అధికారమున్నదని పూర్వపు నావికులు నమ్మేవారట. రేవులోకి వచ్చే ఓడలు, పోయే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఆయనకు వందనం చేసేవట. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండి దోనెలు చేయించి దర్గాలో సమర్పించేవారట. ఒకసారి కళింగపట్నం ఓడ యజమానికి, అతని ఓడ నడిపే నాయకునికి లెక్కల తగాదా వచ్చి కోర్టుకు పోయినది. తుఫానులో చిక్కినప్పుడు ఓడ నాయకుడు ఔలియాకు ఒక రూపాయల సంచి మొక్కుకొని, రేవు చేరిన తరువాత చెల్లించి, ఆ సొమ్మును యజమాని ఖాతాలో వ్రాశాడు. యజమాని హిందువు. అతడు కోర్టులో ఏమన్నాడు? మా మతం కాని ఫకీరుకు మొక్కు ఎందుకన్నాడా? అనలేదు. తుఫానులో ఔలియాను వేడుకోవడం సబబే, కాని ఆ సొమ్ము నిజంగా చెల్లించాడా లేదా అన్నదే నా తగాదా అన్నాడు!

మేము నవ్వాము. ఉస్తాద్ కూడా నవ్వారు. కొంతసేపటికి “చూశావా, మనుషులు ఒకరి నమ్మకంలో ఒకరు ఇలా బ్రతికారు. వీరిలో ఎవరు జ్ఞాని, ఎవరు అజ్ఞాని అని నేను తేల్చలేను” అన్నారు. సమాధులను గురించిన మా వాక్యం అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చినది. తల ఎత్తలేకపోయాము. ఆయన ఆ మాట ఎత్తనే లేదు.

తరువాత వచ్చిన సెలవులలో ఊరికి వెళ్ళాము. కాగితాల కట్ట చూసి మామ్మ “ఏటి రాసినావు బాబూ? నాకు సదివి ఇనిపించు” అన్నది. తప్పించుకోవాలని చూశాము. ఆమె వదలలేదు. మనవడు కాలేజీ పుస్తకానికి ఏదో వ్రాశాడని అప్పటికే వీధిలో నలుగురికి చెప్పుకున్నది. చివరకు చదివాము. పెద్ద మాటలు ఆమెకు తెలియవనుకొని గబగబా చదివాము. ఆమె కాళ్ళు చాపుకొని చివరివరకు విన్నది. విని కొంతసేపు ఊరుకున్నది.

“అయితే నన్నే కదరా తిట్టినావు?” అన్నది.

“నిన్ను కాదు మామ్మా.”

“నానూ ఇసిరినాను కదా. చిన్నప్పుడు మా యమ్మ సేతిలో రాయెట్టి ఇసరమంది. రాచ్చసుడన్నారు, ఇసిరినాం. అక్కడున్నది బుద్దుడి గుడని నాకెవులు సెప్పినారు? నువ్వు సెప్పినావా? మీ నాన్న సెప్పినాడా?”

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయినది. నాన్నగారు దీక్ష తీసుకొని అప్పటికి ఎన్నో ఏళ్ళు గడిచినవి. మేము చరిత్ర పుస్తకాలు చదివి రెండేళ్ళయినది. ఆ కొండకు కూతవేటు దూరంలో బ్రతుకుతున్న మా ఇంటి మనిషికే మేము ఒక్క మాట చెప్పలేదు. చెప్పవలసిన మాటను చెప్పకుండా దాచుకొని, తెలియనందుకు ఆమెను అచ్చులో తిట్టబోయాము. ఆమె చేతిలో రాయి ఉన్నదని వ్రాశాము. మా చేతిలో ఉన్నది కూడా రాయేనని ఆమె అడిగేవరకు గ్రహించలేదు.

మామ్మ మరొక సంగతి కూడా చెప్పినది. కొండ పాదాన ఉన్న హారీతి ప్రతిమను ఆమె అమ్మవారనే అనుకునేది. నాన్నగారికి పసితనంలో జ్వరం వస్తే అక్కడ పసుపు పెట్టి దండం పెట్టిందట. రాయి విసిరిన చెయ్యి, పసుపు పెట్టిన చెయ్యి ఒకటే. ఆ ప్రతిమ ఎవరిదో మేము చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. “పిల్లల్ని కాసీ తల్లే కదా, నాను తప్పేటి మొక్కలేదు” అన్నది. మేము పుస్తకంలో చదివిన దానిని ఆమె చేతులు ఏనాడో తెలుసుకున్నవి.

సెలవుల తరువాత గ్రంథాలయంలో కూర్చొని అశోకుని శాసనాలను గురించి చదివాము. కళింగ యుద్ధం తరువాత ధర్మమార్గం పట్టిన ఆ చక్రవర్తి చెక్కించిన పదునాలుగు శిలాశాసనాలలో పన్నెండవది పూర్తిగా పరమత గౌరవం గురించినది. దాని సారాంశం ఇది. రాజు అన్ని మతాల వారిని గౌరవిస్తాడు. దానాలకంటె, సన్మానాలకంటె అన్ని మతాలలోని సారం వృద్ధి చెందడమే అతనికి ముఖ్యం. ఆ వృద్ధికి మూలం వాక్కును అదుపులో ఉంచుకోవడం. తన మతాన్ని అకారణంగా పొగడరాదు. ఇతరుల మతాన్ని అకారణంగా నిందించరాదు. తన మతం మీది మమకారంతో ఇతర మతాలను తూలనాడినవాడు నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తాడు. కనుక ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి. ఇరవై రెండు శతాబ్దాల క్రిందట రాతి మీద చెక్కిన ఆ మాటలు చదువుతుంటే ఉస్తాద్ చెప్పిన నాలుగు వాక్యాలు, నాలుగు పుటల లెక్క చెవిలో వినబడినది. బౌద్ధులమని గర్వించిన మాకు ఆ శాసనం తెలియదు. దానిని చదివారో లేదో తెలియని ఆ ముస్లిం పెద్దాయన దానిని ఆచరించారు.

ఈ శాసనం గురించి రెండు విశేషాలు విద్యార్థులకు చెప్పాలి. ఒకటి, మన విశాఖ ప్రాంతం ప్రాచీన కళింగంలోనిది. కళింగంలో ధౌళి, జౌగడ అనే చోట్ల అశోకుని శాసనాలున్నా ఈ పన్నెండవ శాసనం అక్కడ లేదు. అది చదవాలంటే తెలుగువారు కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోవాలి. అక్కడి శాసనాలు 1929లో వెలుగులోకి వచ్చినవి. రెండు, ఎర్రగుడిలో ఇది బ్రాహ్మీ లిపిలో, ఎడమ నుండి కుడికి ఉన్నది. నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఇదే శాసనం ఖరోష్ఠీ లిపిలో, కుడి నుండి ఎడమకు ఉన్నది. ఒకే మాట, రెండు దిక్కుల నుండి వ్రాసినది. ఎర్రగుడిలోనే ఉన్న మరొక చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు చెక్కబడి ఉన్నవి. అది తెలిసిననాడు మాకు మన సంచికయే కళ్ళముందు మెదలినది.

ఇంతకూ పరమత గౌరవమంటే ఏమిటి? అన్ని మతాలు ఒకటేనని పైపైన అనడం కాదు. అవి ఒకటి కావు. మేము దర్గాలో మొక్కలేదు, ఇప్పటికీ మొక్కము. నాన్నగారి ప్రతిజ్ఞ మా ప్రతిజ్ఞ కూడా. రాళ్ళు విసరడం మంచి ఆచారమని కూడా మేము అనము. భిన్నాభిప్రాయాన్ని మింగివేయడం గౌరవం కాదు, భయం. బుద్ధుడు కూడా ఇతర మతాచార్యులతో వాదించినవాడే. కాని నాలందాలో ఉపాలి అనే గృహస్థు కథ చూడండి. అతడు నిగంఠుల శిష్యుడు, అంటే జైన గృహస్థు. వాదంలో బుద్ధుని గెలవాలని వచ్చి ఆయనకే శిష్యుడు కాగోరాడు. బుద్ధుడు వెంటనే సంతోషించలేదు. బాగా ఆలోచించుకొనుమన్నాడు. పైగా ఇంతకాలం నీ యింట భిక్ష పొందిన నిగంఠులకు ఇకమీదట కూడా భిక్ష పెడుతూ ఉండుమని చెప్పాడు. తన మాట మీద నమ్మకమున్నవానికి ఎదుటివాని అన్నం తీయవలసిన అవసరం లేదు.

నాన్నగారి వలె దూరంగా ఉండడం గౌరవానికి తొలి మెట్టు మాత్రమే. రెండవ మెట్టు దగ్గరకు పోయి వినడం. మూడవ మెట్టు, విన్న తరువాత మన మాటను మెత్తగా, స్పష్టంగా చెప్పడం. ఈ మూడు మెట్లే వ్రాతకు కూడా మెట్లని మాకు అనుభవం వలన తెలిసినది.

మేము ఆ వ్యాసాన్ని మళ్ళీ వ్రాశాము. ఈసారి అయిదు పుటలు రాలేదు, మూడు పుటలే వచ్చినవి. అజ్ఞానులు, కృతఘ్నులు అన్న మాటలు పోయినవి. సమాధుల వాక్యం పోయినది. మామ్మ వచ్చినది. ఆమె అడిగిన ప్రశ్న వచ్చినది. బొజ్జన్నకొండ ఏమిటో, అక్కడ ఎవరు నివసించారో వివరంగా వచ్చినది. రాళ్ళు విసరవద్దన్న విన్నపం కూడా ఉన్నది, కాని అది తిట్టుగా కాక సమాచారంగా ఉన్నది. ఉస్తాద్ చదివి “ఇప్పుడు ఇది మా పిల్లలకు పనికివస్తుంది” అని, దాని సారాంశాన్ని తామే ఉర్దూలో వ్రాసి అవతలి పుటలలో వేయించారు. మా మాట నడిమి పుట దాటి అవతలికి పోవడం అదే మొదటిసారి.

ఆ ఏడు కనుమకు మామ్మను వెంటబెట్టుకొని కొండకు పోయాము. గుహలోని బుద్ధ విగ్రహాన్ని చూపించాము. ఆమె చాలాసేపు చూసి “సల్లగా కూసున్నాడు” అన్నది. క్రిందికి దిగిన తరువాత రాళ్ళు ఏరుకొంటున్న పిల్లలను చూసి, వారి తల్లుల దగ్గర కూర్చొని తనకు తెలిసినది చెప్పినది. కొందరు విన్నారు. కొందరు ముసలిదాని చాదస్తమని నవ్వారు. రాళ్ళు ఆ రోజు కూడా పడ్డవి. తరువాతి సంవత్సరాలలో చారిత్రక వారసత్వం మీద అభిమానం గలవారు, బౌద్ధులు నచ్చజెప్పగా ఆ ఆచారం చాలావరకు తగ్గినది. ఆ మార్పులో మా వ్యాసానికి పాత్ర ఉన్నదని మేము చెప్పుకోము. మామ్మ మాటకు ఆవగింజంత పాత్ర ఉండవచ్చును.

తరువాత మేము ఉక్కు కర్మాగారంలో చేరాము. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు గోదావరి. అందులో ఇనుప ఖనిజంతో పాటు కోకు, సున్నపురాయి వేస్తారు. సున్నపురాయి ఖనిజంలోని మలినాలను తనతో కలుపుకొంటుంది. అవి చిట్టెంగా పైకి తేలుతాయి. కరిగిన ఇనుము క్రిందికి దిగుతుంది. ఆ చిట్టెం కూడా వృథా కాదు, సిమెంటు తయారీకి పోతుంది. ఫర్నేస్ దగ్గర నిలబడినప్పుడల్లా మా తొలి వ్యాసం జ్ఞాపకం వచ్చేది. దానిలోని కోపం కూడా పూర్తిగా వృథా కాలేదు. ఆ వేడి లేకపోతే కలమే పట్టి ఉండేవాళ్ళము కాము. కాని పైకి తేలిన దానినే ఇనుమని అనుకొని అచ్చుకు పంపాము.

కలం పట్టబోతున్న విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి ఇంతే. మీకు కోపం వచ్చిన విషయం మీదనే వ్రాయండి, తప్పు లేదు. అయితే ఎవరిని గురించి వ్రాశారో వారిలో ఒక్కరి ఎదుటనైనా కూర్చొని మీ వ్రాతను బిగ్గరగా చదవండి. చదువుతున్నప్పుడు ఏ మాట దగ్గర మీ గొంతు తగ్గుతుందో ఆ మాటను మళ్ళీ ఆలోచించండి. అది నిజమైతే ఉంచండి. కేవలం దెబ్బ అయితే తీసివేయండి. మన సాహిత్యంలో పెద్దలు ఈ దారిని చూపించారు. గుర్రం జాషువ గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనపు బాధ అనుభవించి, 1932లో పారశీక మహాకవి ఫిరదౌసి మీద తెలుగులో కావ్యం వ్రాశారు. మాట ఇచ్చి తప్పిన సుల్తాను చేతిలో ఆ ముస్లిం కవి పడిన అవమానం ఆయనకు పరాయి బాధగా కనిపించలేదు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా గారు ముస్లిం అయి ఉండి తెలుగు కవులలో గణ్యులైనారు. వీరెవరూ తమ గుర్తింపును దాచుకోలేదు. ఇతరుల దుఃఖం తమది కాదనీ అనలేదు.

మామ్మ ఇప్పుడు లేదు. ఉస్తాద్ కూడా లేరు. మేము ఉద్యోగ విరమణ చేసిన తరువాత పొరుగున ఉన్న ఒక యువకుని వద్ద ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాము. చాలా నెమ్మదిగా సాగుతున్నది. ‘జీమ్’కూ ‘చే’కూ తేడా చుక్కలలోనే ఉన్నదని ఇప్పటికీ తడబడుతుంటాము. ఈ సంచిక చేతికి వచ్చిననాడు ముందుగా కుడివైపు నుండి తెరిచి ఒక్క పేరైనా కూడబలుక్కొని చదవాలని మా కోరిక. ఉర్దూ పుటల మిత్రులు కూడా ఎడమవైపు నుండి ఒక్కసారి తెరిచి చూడగోరుతున్నాము. అటు నుండి వారు, ఇటు నుండి మేము నడిచి వస్తే నడిమి పుట దగ్గర కలుసుకుంటాము.